ఫ్లాస్కులో టీ ఎందుకు చల్లారుతోంది? మూత దగ్గర మొదలుపెట్టి చూడండి

మన ఇళ్లలో ఫ్లాస్కు అటక దిగేది చాలావరకు రెండు సందర్భాల్లోనే. ఎవరో ఆసుపత్రిలో ఉండాలి, లేదా ఇంట్లో బాలింత ఉండాలి. స్టీలు ఫ్లాస్కులు వచ్చాక ఆఫీసు బ్యాగుల్లోకీ బడి సంచుల్లోకీ చేరాయి గానీ, దాని విలువ తెలిసేది మాత్రం ఆసుపత్రి రాత్రుల్లోనే. మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు తొమ్మిది రోజులు వార్డులో ఆవిడ పక్కనే ఉన్నాను. రాత్రి భోజనంతో పాటు ఇంటి నుంచి వచ్చిన వేడినీళ్లు అర్ధరాత్రి దాటేసరికి గోరువెచ్చగా అయిపోయేవి. ఫ్లాస్కు పాడైందనుకుని కొత్తది కొన్నాం. ఇంటికి వచ్చాక చూస్తే పాతదాని మూతలో రబ్బరు రింగు లేదు. కడగడానికి తీసిన రింగు సింకు పక్కనే ఉండిపోయింది. అప్పటి నుంచి ఎవరు ఫ్లాస్కు పనిచేయడం లేదన్నా ముందు మూత చూపించమంటాను.

పొద్దున పోసిన టీ పదింటికల్లా చల్లారిపోతోంది

కారణం మూడు చోట్లలో ఒక చోట ఉంటుంది: మనం పోసే పద్ధతిలో, మూతలో, లేదా గోడలో. ఇదే వరుసలో చూడండి. మొదటి రెండూ దాదాపు ఖర్చు లేకుండా బాగవుతాయి.

ఫ్లాస్కు వేడిని పుట్టించదు, మనం పోసిన వేడి త్వరగా పోకుండా పట్టి ఉంచుతుంది, అంతే. స్టవ్ మీద మరిగిన టీని గిన్నెలోకి వడపోసి, చక్కెర కలిపి, రుచి చూసి, గరాటు వెతికి పోసేలోపే చాలా వేడి పోతుంది. కాబట్టి వడపోశాక మళ్లీ స్టవ్ మీద పెట్టి, ఒక పొంగు రానిచ్చి, వెంటనే పోయండి. ఈలోగా ఫ్లాస్కులో (గాజుదైతే ముందు గోరువెచ్చటి నీళ్లు తిప్పి పారబోశాక) మరిగిన నీళ్లు పోసి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఉంచి పారబోయండి. నిండా పోస్తే ఈ పని వల్ల వచ్చే లాభం కొద్దిగానే ఉంటుంది. ఒకటి రెండు కప్పులే పోసేటప్పుడు మాత్రం తేడా బాగా తెలుస్తుంది, ఎందుకంటే కాస్త టీ ఆ గోడనంతా వేడి చేయాలి. లీటరు ఫ్లాస్కులో పావు లీటరు టీ పోసి మధ్యాహ్నం దాకా వేడిగా ఉండాలంటే కుదరదు. ఇద్దరికి చాలినంత టీకి అర లీటరు ఫ్లాస్కు కొనుక్కోవడమే మేలు. డబ్బా మీద రాసే ‘24 గంటలు’ కూడా నిండా పోసి, మధ్యలో మూత తీయకుండా చూసిన లెక్క. గంటకోసారి తెరిచి ఇంట్లో అందరికీ వంచే ఫ్లాస్కుకు అది వర్తించదు.

తర్వాత మూత. ఫ్లాస్కుకు లోపల ఒకటి, బయట ఒకటి రెండు గోడలు. వాటి మధ్య శూన్యం, అంటే గాలి తీసేసిన ఖాళీ ఉంటుంది, మూతలో ఉండదు. అందుకే బాగున్న ఫ్లాస్కులో కూడా వేడి ఎక్కువగా పోయేది మూత, మెడ దగ్గరే. రబ్బరు రింగు ఉందా, తిరగేసి పెట్టారా, గట్టిపడి పగిలిందా చూడండి. మూత బిగించి, ఫ్లాస్కును తలకిందులుగా ఒక కాగితం మీద పట్టుకోండి. చుక్క పడితే ఆవిరి కూడా అక్కడి నుంచే పోతోంది. అదే కొలత రింగు పాత్రల షాపుల్లో దొరుకుతుంది. పాత మూత పట్టుకెళ్లి సరిపోతుందో లేదో అక్కడే చూసుకోండి.

రెండూ బాగుంటే గోడను పరీక్షించాలి. సలసల మరిగే నీళ్లు నిండా పోసి మూత బిగించండి. పది నిమిషాలు ఆగి, బయట పై నుంచి కింద దాకా చేత్తో తడమండి. మెడ దగ్గర కాస్త వెచ్చగా ఉండటం మామూలే, లోపలి గోడా బయటి గోడా కలిసేది అక్కడే. నడుము దగ్గరో అడుగునో వేడి తగిలితే మాత్రం లోపలి శూన్యం పోయింది, గాలి చేరింది. స్టీలు ఫ్లాస్కు కింద పడి అడుగు సొట్టపోయినప్పుడు తరచూ జరిగేది ఇదే. దీనికి ఇంట్లో గానీ షాపులో గానీ రిపేరు లేదు. వారంటీ ఉంటే అడగండి, లేకపోతే దాన్ని మామూలు నీళ్ల సీసాగా వాడుకోండి. కొత్తది కొంటే ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. ఈ ఫ్లాస్కులకు నాణ్యతా ప్రమాణాలు తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2023లో ఉత్తర్వు ఇచ్చింది.

గాజు ఫ్లాస్కు అయితే మొత్తం పారేయక్కర్లేదు. లోపలి గాజు రీఫిల్ విడిగా అమ్ముతారు. అడుగు మూత తిప్పి తీసి మార్చుకోవచ్చు.

ఎంతకీ చల్లారదు, తాగితే నాలుక కాలుతోంది

ఇది మంచి ఫ్లాస్కుతో వచ్చే సమస్య. కప్పులోనైతే టీ పైనుంచి ఆవిరై చల్లారుతుంది. సీసాకే నోరు పెట్టి తాగితే ఆ అవకాశం లేదు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 65 డిగ్రీలు దాటిన వేడితో పానీయాలు తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో చేర్చింది. పాల టీ అయితే మరిగేది అలాగే పోసి, తాగేటప్పుడు కప్పులోకి వంచుకోండి. సీసాతోనే తాగాలనుకుంటే పాలు లేని టీ గానీ వేడినీళ్లు గానీ రెండు గ్లాసుల మధ్య నాలుగైదు సార్లు తిరగబోసి, ఆ తర్వాత ఫ్లాస్కులో పోయండి. అప్పుడు ముందుగా వేడి చేయాల్సిన పని కూడా లేదు.

పిల్లల స్ట్రా సీసాల్లో వేడి పాలు ఎప్పుడూ పోయకండి. లోపల ఆవిరి ఒత్తిడికి మీట నొక్కి తెరవగానే పాలు స్ట్రాలోంచి ఎగజిమ్మి మూతి, మొహం కాలతాయి.

టీ విరిగింది, లేదా పుల్లగా ఉంది

అడుగున తెల్లటి పలుకులు కనిపిస్తే రెండు కారణాలు ఉండొచ్చు. మొదటిది టీలో వేసే అల్లం, బెల్లం. పచ్చి అల్లంలో పాలలోని మాంసకృత్తులను విడగొట్టే ఎంజైము ఉంటుంది. చివర్లో దంచి వేస్తే అది పని చేస్తూనే ఉంటుంది. అల్లాన్ని ముందు నీళ్లలో బాగా మరిగించి, ఆ తర్వాతే పాలు పోస్తే దాని బలం పోతుంది. బెల్లం టీ అయితే స్టవ్ కట్టేశాక, తాగే ముందు బెల్లం కలపండి. ఫ్లాస్కులో పోసి గంటలు ఉంచాలంటే బెల్లం విడిగా తీసుకెళ్లడమే నయం.

రెండోది అసలు భయపడాల్సినది. పాల టీ 60 డిగ్రీల కంటే కిందికి దిగితే అందులో క్రిములు పెరగడం మొదలవుతుంది. గోరువెచ్చగా మారిన ఫ్లాస్కు వాటికి అనువైన చోటు. అందుకే పాల టీ నాలుగు గంటలు దాటితే, చల్లారిందని తెలిస్తే అంతకంటే ముందే, పారబోయమంటాను. పొద్దున టీ సాయంత్రం దాకా ఉండాలంటే డికాక్షన్ ఒక్కటే ఫ్లాస్కులో పోయండి. పాలు అప్పటికప్పుడు కాచి కలుపుకోండి. ఆసుపత్రికి వెళ్లేవారికి ఇది మరీ అవసరం. అక్కడ మన పక్కన ఉండేది నీరసంగా ఉన్న మనిషి.

పసిబిడ్డల విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. కలిపిన పాలను ఫ్లాస్కులో వెచ్చగా ఉంచకూడదు. పాలపొడి క్రిమిరహితం కాదు కాబట్టి కనీసం 70 డిగ్రీల వేడి నీళ్లతో కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కలిపాక సీసాను చన్నీళ్ల కింద పట్టి, ఒంటి వేడికి వచ్చాకే పట్టాలి. రాత్రి పోసిన నీళ్లు తెల్లవారుజామున 70 డిగ్రీలు ఉంటాయని నమ్మకండి. మళ్లీ కాచండి.

చల్లటి నీళ్లు పోస్తే బయట చెమటలు పడుతోంది

లోపలి చల్లదనం బయటి గోడకు చేరుతోంది, గాలిలోని తేమ దానికి తగిలి నీరవుతోంది. విశాఖ, కాకినాడ వంటి ఉక్కపోత ఊళ్లలో ఇది తొందరగా కనిపిస్తుంది. మూత దగ్గర మాత్రమే పడితే ఫర్వాలేదు, ఒళ్లంతా పడితే అది ఒంటి గోడ సీసా గానీ, శూన్యం పోయిన ఫ్లాస్కు గానీ అయి ఉంటుంది. 1892లో జేమ్స్ డ్యువార్ లండన్‌లో ఈ పాత్రను తయారు చేసింది ద్రవంగా మార్చిన వాయువులను చల్లగా ఉంచుకోవడానికే. కాబట్టి ఎండాకాలం మజ్జిగకు కూడా వాడండి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే లోపలి గోడ చెడిపోతుంది.

వాసన, మరక, తెల్లటి పొర

ముక్కిన వాసన చాలాసార్లు గోడది కాదు, రింగు కింద ఇరుక్కున్న పాల జిడ్డుది. రింగు తీసి, వంట సోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి తోమండి. టీ మరకలకు ఫ్లాస్కులో రెండు చెంచాల వంట సోడా వేసి వేడినీళ్లు పోసి, మూత పెట్టకుండా రాత్రంతా వదిలేయండి. బోరు నీళ్ల తెల్లటి పొర సోడాకు పోదు, నిమ్మ ఉప్పు వేసిన వేడినీళ్లకు పోతుంది. బ్లీచింగ్ నీళ్లు స్టీలుకు గుంటలు పెడతాయి, వాటి జోలికి వెళ్లకండి. స్టీలు పీచు కూడా వద్దు. కడిగాక మూత పెట్టకుండా ఆరనివ్వాలి.

మూత రావడం లేదు, తీస్తే చిమ్ముతోంది

వేడిగా పోసి వదిలేస్తే ఆవిరి నీరుగా మారి లోపల ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి మూతను నొక్కి పట్టుకుంటుంది. మూత చుట్టూ వేడినీళ్లు పోసి, రబ్బరు గ్లౌజుతో పట్టి తిప్పితే వస్తుంది. చిమ్మడం దీనికి వ్యతిరేకం. అంచు దాకా పోయడం, కుదుపు, పులిసిన మజ్జిగ, సోడా కూల్‌డ్రింకులు ఇందుకు కారణాలు. రెండు వేళ్ల ఖాళీ వదలండి, మొహానికి దూరంగా పట్టి మెల్లగా తిప్పండి.

ఊపితే గలగల శబ్దం

స్టీలు ఫ్లాస్కులో రెండు గోడల మధ్య చిన్న ముక్క కదులుతూ ఉండొచ్చు. అది టీలోకి రాదు. ముందు చెప్పిన వేడినీళ్ల పరీక్ష చేసి, బాగుంటే వాడుకోవచ్చు. గాజు ఫ్లాస్కులో ఆ శబ్దం వస్తే లోపల గాజు పగిలినట్టే. ఉన్న టీ మొత్తం పారబోయండి, వడపోసి తాగుదామని అనుకోవద్దు. కంటికి కనిపించని పెంకులు జల్లెడలో ఆగవు. రీఫిల్ మార్చాక చెంచా పెట్టి కలపకుండా, ఐసు ముక్కలు దభాలున వేయకుండా, చల్లగా ఉన్న గాజులో ఒక్కసారిగా మరిగే నీళ్లు పోయకుండా చూసుకోండి. ముందు గోరువెచ్చటి నీళ్లు తిప్పి పారబోసి, ఆ తర్వాత వేడివి పోయండి.