పాత కొరోలాలో టైమింగ్ కోడ్ చెరిపినా తిరిగి వస్తుంటే

చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, స్కానర్ పెడితే టైమింగ్‌కు, అంటే ఇంజిన్ వాల్వులు తెరుచుకునే సమయానికి, సంబంధించిన కోడ్ కనిపిస్తుంది, దాన్ని చెరిపేస్తే నాలుగు రోజులు ఊరుకుని మళ్లీ అదే వస్తుంది. ఈ దశలో చాలామంది క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) సెన్సర్ మార్పిస్తారు, దానితో తేలకపోతే క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) సెన్సర్ కూడా మార్పిస్తారు. డబ్బు పోతుంది గాని కోడ్ పోదు. ఈ కోడ్‌లలో ఎక్కువభాగం సెన్సర్ చెడిపోయిందని చెప్పేవి కావు, సెన్సర్ సరిగానే కొలిచి చూపిన తేడాను చెప్పేవి. అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు మొదటి కారుగా కొనేవాటిలో పాత టయోటా కొరోలా ఒకటి కనుక, 2003 నుంచి 2008 వరకు అక్కడ అమ్మిన కొరోలాలోని 1.8 లీటర్ల 1జెడ్‌జెడ్-ఎఫ్‌ఈ ఇంజిన్‌నే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను. వీవీటీ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని అవసరాన్ని బట్టి మార్చే ఏర్పాటు) ఉన్న ఇతర పెట్రోలు ఇంజిన్లలో భాగాల స్థానాలు, కొలతలు వేరుగా ఉన్నా వెతికే వరుస ఇంచుమించు ఇదే.

కోడ్‌ను చెరపకముందు చూడవలసినవి

కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎంత ఆర్‌పీఎంలో తిరుగుతోంది, బండి ఎంత వేగంతో పోతోంది అన్న వివరాలను కంప్యూటర్ దాచి ఉంచుతుంది. దీన్నే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ చెరిపినా, బ్యాటరీ వైరు తీసినా ఈ సమాచారం పోతుంది; అందువల్ల ముందు దాన్ని ఫొటో తీసి పెట్టుకోవాలి. లోపం ఇంజిన్ వేడెక్కి ఆయిల్ పలుచబడ్డాకే వస్తోందా, చల్లగా ఉన్నప్పుడే వస్తోందా అన్నది తెలిస్తే సగం దారి తెలిసినట్టే.

తరువాత కోడ్ సంఖ్యను సరిగా చదవాలి. పీ0011 అంటే క్యామ్‌షాఫ్ట్ ఉండవలసిన దానికంటే ముందుకు జరిగి ఉందని, పీ0012 అంటే వెనకబడి ఉందని అర్థం. ఈ రెండింటిలోనూ కంప్యూటర్ ఒక కోణం కోరింది, అది దొరకలేదు. పీ0010 మాత్రం ఆ కోణాన్ని మార్చే ఆయిల్ కంట్రోల్ వాల్వు కరెంటు మార్గంలో లోపం. పీ0016 వస్తే క్రాంక్‌కూ క్యామ్‌కూ మధ్య ఉండవలసిన సంబంధమే తప్పింది. పీ0335, పీ0340 అనేవి క్రాంక్, క్యామ్ సెన్సర్ల సర్క్యూట్ల కోడ్‌లు. సెన్సర్‌నీ దాని వైర్లనీ మొదటే అనుమానించవలసింది ఈ రెండింటిలోనే. 2000 ప్రాంతపు టయోటాలలో ఇదే వీవీటీ లోపం పీ1349గా కనిపిస్తుంది.

పీ0011, పీ0012 వచ్చినప్పుడు

బండి ఆగినప్పుడు ఐడ్లింగ్ ఎగుడుదిగుడుగా ఉండడం, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోవడం క్యామ్ ముందుకు జరిగి ఇరుక్కుపోయినప్పటి లక్షణాలు. వెనకనే ఉండిపోతే ఐడ్లింగ్ బాగానే ఉంటుంది గాని పికప్ తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

మొదట అనుమానించవలసింది ఆయిల్‌నే. క్యామ్‌ను ముందుకూ వెనక్కూ జరిపేది ఇంజిన్ ఆయిల్ ఒత్తిడే కనుక, ఆయిల్ తగ్గినా, మురికి పట్టినా, ఉండవలసిన దానికంటే చిక్కగా ఉన్నా కంప్యూటర్ కోరిన కోణం అందదు. పైగా ఈ ఇంజిన్‌కు, ముఖ్యంగా తొలి సంవత్సరాల వాటికి, ఆయిల్ తాగుతుందన్న పేరుంది. బయట చుక్క కారకపోయినా లోపల తగ్గిపోతూ ఉంటుంది. బండిని సమతలంగా నిలిపి, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ ముంచి చూడాలి. మట్టం పై గీతకు చేరువలో లేకపోతే, లేదా ఆయిల్ నల్లగా జిగురుగా ఉంటే, ఫిల్టరుతో సహా మార్చాలి. ఈ ఇంజిన్‌కు 5డబ్ల్యూ-30 ఆయిల్ పడుతుంది. పాత ఇంజిన్‌కు చిక్కటి ఆయిల్ పోస్తే తాగడం తగ్గుతుందని 20డబ్ల్యూ-50 పోసే అలవాటు కొందరికి ఉంది. వీవీటీ ఉన్న బండికి ఆ సలహా పనికిరాదు. ఆయిల్ సంగతి తేలకుండా ఒక్క పార్టు కూడా కొనకూడదన్నది నా అభిప్రాయం.

ఆయిల్ బాగుండి కూడా కోడ్ తిరిగి వస్తే ఆయిల్ కంట్రోల్ వాల్వు చూడాలి. ముందు దాని కనెక్టర్ తీసి వాల్వు మీది రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో కొలిస్తే, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 6.9 నుంచి 7.9 ఓములు రావాలి. తరువాత ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆ పిన్నులకు బ్యాటరీ నుంచి 12 వోల్టులు కొద్ది క్షణాలు ఇవ్వాలి. వాల్వు తెరుచుకుని క్యామ్ ముందుకు జరిగితే ఇంజిన్ వణుకుతుంది, లేదా ఆగిపోతుంది. ఇక్కడ ఆగిపోవడమే మంచి సంకేతం. ఏ మార్పూ లేకుండా తిరుగుతూనే ఉంటే వాల్వు ఇరుక్కున్నట్టో, ఆయిల్ దారి మూసుకుపోయినట్టో అనుకోవాలి. వాల్వును విప్పి క్లీనర్‌తో కడిగి, కరెంటు ఇచ్చినప్పుడు లోపలి స్పూల్ (జారే కడ్డీ) పూర్తిగా కదులుతోందో లేదో కంటితో చూడాలి. సగంలో ఆగితే కొత్తది వేయడమే మేలు. తిరిగి బిగించేటప్పుడు ఓ-రింగు కొత్తది వేయాలి.

చాలాచోట్ల వదిలేసేది మరొకటి ఉంది. వాల్వుకు పోయే ఆయిల్ దారిలో, సిలిండర్ హెడ్‌లో ఒక బోల్టు వెనక చిన్న జాలీ ఫిల్టరు ఉంటుంది. దాన్ని తీసి చూడకుండా వాల్వు ఒక్కటే మార్చితే, జాలీకి పట్టిన మడ్డి అలాగే ఉండి కొత్త వాల్వుతోనూ పాత కోడే రావచ్చు.

పీ0016 వచ్చినప్పుడు

ఈ ఇంజిన్‌లో క్రాంక్ సెన్సర్ ముందు తిరిగే చక్రానికి 34 పళ్లు, రెండు పళ్ల ఖాళీ ఉంటాయి. క్యామ్ మీద మూడు పళ్లుంటాయి. ఈ రెండు సంకేతాల మధ్య దూరాన్ని కంప్యూటర్ పోల్చుకుంటుంది. వీవీటీ సరిగా పనిచేస్తూ ఉండి కూడా ఆ దూరం తప్పితే క్రాంక్‌నూ క్యామ్‌నూ కలిపే చైన్ సాగి ఉండాలి, లేదా పన్ను దాటి ఉండాలి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఒకటి రెండు క్షణాలు గలగలమని ఆగిపోయే చప్పుడు వీవీటీ గేరు (క్యామ్ కోణాన్ని మార్చే చక్రం) లాక్ పిన్నునో, చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్‌నో సూచిస్తుంది. ఆ చప్పుడు ఆగకుండా వస్తుంటే, టైమింగ్ సంగతి తేలేదాకా బండి నడపకపోవడమే మంచిది.

నిర్ధారణకు వాల్వు కవర్ తీసి, క్రాంక్ పుల్లీ గీతను టైమింగ్ కవర్ మీది సున్నాకు తెచ్చి, రెండు క్యామ్ చక్రాల మీది గుర్తులు ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడాలి. వీవీటీ గేరు లాక్ స్థితిలో లేకపోతే గుర్తు జరిగినట్టు కనిపించి మోసం చేయవచ్చు కాబట్టి దాన్ని ముందు సరిచూసుకోవాలి. ఇంజిన్‌ను తిరిగే దిశలోనే తిప్పాలి. ఈ ఇంజిన్‌లో టెన్షనర్ బయటి నుంచే రెండు నట్లతో ఊడివస్తుంది కనుక ఆయిల్ కారుతోందని దాన్ని విప్పేవారు ఉంటారు. అది ఊడి ఉండగా క్రాంక్‌ను కాస్త తిప్పినా చైన్ పన్ను దాటుతుంది. సాగిన చైన్‌ను మార్చవలసి వస్తే గైడ్లు, టెన్షనర్ కూడా కలిపి మార్చాలి.

సెన్సర్లు, వైర్లు

గుర్తులు సరిగా ఉండి కోడ్ అప్పుడప్పుడే పడుతుంటే వైర్ల వైపు రావాలి. సెన్సర్ మొనకు అంటిన ఇనుప రజను, కనెక్టర్‌లోకి ఊరిన ఆయిల్, ఎలుకలు కొరికిన వైరు, సర్వీసు తరువాత వదులుగా ఉండిపోయిన సెన్సర్ బోల్టు అన్నీ ఇదే పని చేస్తాయి. ఇంజిన్ నడుస్తుండగా బెల్టులకు, ఫ్యానుకు చెయ్యి దూరంగా ఉంచి వైర్ల కట్టను మెల్లగా కదిలించి చూడాలి. సెన్సర్ మార్చక తప్పదనుకుంటే కంపెనీ సెన్సరే వేయాలి; చవక నకళ్లతో మరో కోడ్ కొనితెచ్చుకున్నట్టవుతుంది.

మరమ్మతు తరువాత

కోడ్ చెరిపాక ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, పూర్తిగా వేడెక్కేదాకా ఊళ్లోనూ హైవే మీదా నడపాలి. లైటు వెలగలేదని తృప్తిపడకుండా స్కానర్‌లో పెండింగ్ కోడ్‌లు కూడా చూడాలి, ఎందుకంటే కొన్ని లోపాలు వరుసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తేనే లైటు వెలుగుతుంది. డల్లాస్, హ్యూస్టన్ వంటి ఎమిషన్ (పొగ కాలుష్య) పరీక్ష ఉన్న ప్రాంతాల్లోనివారు మరొకటి గమనించాలి: కోడ్ చెరిపితే కంప్యూటర్ లోపలి స్వీయ పరీక్షలన్నీ మొదటికి వస్తాయి, వాటిలో తగినన్ని పూర్తి కాకుండా వెళితే లైటు ఆరి ఉన్నా పరీక్షలో పాస్ చేయరు. కనుక ఏ పరీక్షలు పూర్తయ్యాయో చూపే రెడీనెస్ పేజీని స్కానర్‌లో చూసుకుని, అవి పూర్తయ్యేదాకా కొద్ది రోజులు మామూలుగా నడిపి, ఆ తరువాతే బండిని పరీక్షకు తీసుకెళ్లాలి.