పిల్లల కార్టూన్, పెద్దల అభిమానం: బ్రోనీల సమాజంలోకి కొత్తగా వెళ్ళేవారికి

హాస్‌బ్రో అనే అమెరికా బొమ్మల కంపెనీ చిన్న ఆడపిల్లలను దృష్టిలో పెట్టుకొని, మాట్లాడే పోనీల (పొట్టి గుర్రాల) కథలతో ‘మై లిటిల్ పోనీ: ఫ్రెండ్‌షిప్ ఈజ్ మ్యాజిక్’ అనే కార్టూన్‌ను తీయించింది. 2010 అక్టోబరు 10న ద హబ్ ఛానల్‌లో మొదలై 2019 అక్టోబరు దాకా 9 సీజన్లు నడిచిన ఈ కార్టూన్‌కు, మొదటి సీజన్ పూర్తి కాకముందే, కాలేజీ కుర్రాళ్ళూ ఉద్యోగస్థులూ అభిమానులయ్యారు. తమను తాము బ్రోనీలని పిలుచుకున్నారు. ఇంట్లో పాప చూస్తుంటే పక్కన కూర్చుని తామే కథలో పడిపోయిన తల్లిదండ్రులకూ, స్నేహితులెవరో చెబితే చూసి, ఇప్పుడు తమలాంటివారు ఇంకా ఎక్కడున్నారా అని వెతుకుతున్నవారికీ, ఆ సమాజంలోకి ఎలా వెళ్ళాలో, వెళ్ళాక ఎలా మసలుకోవాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

అన్నిటికన్నా ముందు ఒక సంగతి మనసులో ఉంచుకోవాలి. ఈ కార్టూన్ పిల్లలది. పెద్దవాళ్ళు ఎంత ఇష్టపడినా, దాని మీద ఎన్ని కథలు రాసినా, ఎన్ని బొమ్మలు గీసినా అది పిల్లలదే. బ్రోనీల లోకంలో కనిపించే కట్టుబాట్లలో చాలా భాగం ఈ ఒక్క నిజం నుంచే పుట్టాయి కనుక, దీన్ని మరచిపోనివారికి అక్కడి నియమాలలో చాలావాటిని ఎవరూ విడిగా నేర్పనవసరం ఉండదు.

ముందు కార్టూన్ చూడండి

అభిమానుల వేడుకలూ గొడవలూ చదివి, కార్టూన్ చూడకుండానే సమాజంలో చేరేవారు కొందరుంటారు. అది అంత మంచి పద్ధతి కాదు. మొత్తం 220కి పైగా భాగాలున్నా, ఒక్కొక్కటి 22 నిమిషాలకు మించదు కాబట్టి, మొదటి రెండు సీజన్లు చూడటం పెద్ద శ్రమ కాదు. నా లెక్కలో రచన పరంగా గట్టిగా ఉన్నవి కూడా అవే. ‘పవర్‌పఫ్ గర్ల్స్’ కార్టూన్‌కు పనిచేసి పేరు తెచ్చుకున్న లారెన్ ఫాస్ట్ ఈ పోనీల లోకానికి రూపమిచ్చింది, మొదటి సీజన్ తరువాత ఆమె ప్రధాన బాధ్యత నుంచి తప్పుకొని, రెండో సీజన్‌కు సలహాదారుగా మాత్రమే ఉండి, ఆ తరువాత పూర్తిగా వైదొలిగింది. ఆరుగురు స్నేహితురాళ్ళకు, అంటే ట్వైలైట్ స్పార్కిల్, రెయిన్‌బో డాష్, పింకీ పై, ఫ్లటర్‌షై, రేరిటీ, యాపిల్‌జాక్‌లకు, ఎవరి స్వభావం వారికీ ఎవరి లోపం వారికీ ఉండేలా ఆమె తీర్చిదిద్దిన తీరే పెద్దవాళ్ళను కట్టిపడేసింది.

కథ ప్రారంభం కనుక మొదటి రెండు భాగాలను తప్పకుండా చూడాలి గానీ, వాటిని బట్టే ఒక నిర్ణయానికి రావద్దు. రాక్షస రాణి, లోకాన్ని కమ్మే చీకటి, మాయా రత్నాలు అన్నీ హడావుడిగా వచ్చిపోయే ఆ రెండు భాగాలకన్నా, ఊరి జీవితం చుట్టూ తిరిగే మామూలు భాగాలలోనే అసలు రుచి ఉంది. మొదటి సీజన్‌లోని 14వ భాగాన్ని చూడండి. దర్జీ పని చేసే రేరిటీ, తన స్నేహితురాళ్ళకు ఒక విందు కోసం ఎంతో ఆలోచించి దుస్తులు కుడుతుంది. వాళ్ళకు నచ్చవు. ఒక్కొక్కరూ తమకేం కావాలో చెబుతారు, ఆమె అక్షరాలా అలాగే కుట్టి ఇస్తుంది, ప్రదర్శన నాడు పేరున్న విమర్శకుడి ముందు అందరి పరువూ పోతుంది. పిల్లలకు ఇది స్నేహితుల మాట వినడంలో ఉండే చిక్కుల కథ. డబ్బిచ్చేవారి ఇష్టానికి తన పనిని పాడుచేసుకున్న అనుభవం ఉన్న డిజైనర్‌కో ప్రోగ్రామర్‌కో మాత్రం అది వేరే కథ. రెండో సీజన్ మూడో భాగంలో, ఆ రాజ్యాన్ని ఏలే యువరాణి సెలెస్టియాకు వారం వారం పంపవలసిన ఉత్తరం ఆలస్యమవుతుందన్న దిగులుతో ట్వైలైట్ మతి చలించేదాకా వెళుతుంది. గడువుల మధ్య బతికేవారికి అది నవ్వూ తెప్పిస్తుంది, కాస్త గుచ్చుకుంటుంది కూడా.

‘ఈ వయసులో బొమ్మల కార్టూన్లా’ అని ఇంట్లో అడిగేవారికి పెద్ద జవాబేమీ అక్కర్లేదు. చందమామ పిల్లల పత్రికే. అయినా ఇంటికి రాగానే ముందు దాన్ని అందుకున్నది తాతయ్యలే అన్న సంగతి తెలుగు ఇళ్ళలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఎవరున్నారక్కడ, ఎలా చేరారు

ఈ సమాజం పుట్టుక తెలిస్తే దాని స్వభావం సులువుగా అర్థమవుతుంది. 2010 అక్టోబరులోనే, యానిమేషన్ గురించి రాసే ఒక విమర్శకుడు, లారెన్ ఫాస్ట్ వంటి వ్యక్తి బొమ్మలమ్మే కంపెనీకి కార్టూన్ తీయడమంటే టీవీలో సృజనకారుల కాలం ముగిసినట్టేనని విచారపడుతూ రాశాడు. ఫోర్‌చాన్ అనే ఇంటర్నెట్ చర్చావేదికలో కార్టూన్ల గురించి మాట్లాడుకునే విభాగంలో అది చర్చకు వచ్చింది. అంత ఘోరమైనది ఏముందో చూసి ఎగతాళి చేద్దామని వెళ్ళినవారిలో చాలామంది వారం వారం కొత్త భాగం కోసం ఎదురుచూసేవారయ్యారు. అందుకే ఈ సమాజపు హాస్యంలో మొదటినుంచీ ఒక వెటకారపు జీర ఉంది. కొత్తవారు దాన్ని ద్వేషమని పొరబడకూడదు; అలాగని నిజమైన ద్వేషం ఎదురైనప్పుడు వెటకారమే కదా అని భరించనూ కూడదు.

2011 జనవరిలో మొదలైన ఈక్వెస్ట్రియా డైలీ అనే వెబ్‌సైట్, కార్టూన్ వార్తలకూ అభిమానుల బొమ్మలకూ పాటలకూ కూడలిగా నిలిచింది. అభిమానుల కథలకు ఫిమ్‌ఫిక్షన్, బొమ్మలకు డెర్పిబూరు అనే సైట్లు ప్రధానమైనవి. మాటామంతీకి డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో చిన్నా పెద్దా గుంపులు లెక్కలేనన్ని ఉన్నాయి. అన్నిటిలో ఒకేసారి చేరకుండా, మీకు కథలిష్టమో బొమ్మలిష్టమో పాటలిష్టమో తేల్చుకొని ఒక్కచోట కొన్నాళ్ళు మాట్లాడకుండా చదువుతూ ఉండండి. ఎవరు ఏ విషయానికి నవ్వుతారో, ఏ విషయానికి నొచ్చుకుంటారో తెలిశాక మాట కలపడం తేలిక.

నొచ్చుకునే విషయాలు నిజంగానే ఉన్నాయి. మొదటి భాగంలోనే ఒక గుంపు దృశ్యంలో, మెల్లకళ్ళతో ఉన్న బూడిదరంగు రెక్కల పోనీ ఒకటి అభిమానుల కంటపడింది. వాళ్ళు దానికి డెర్పీ అని పేరు పెట్టుకున్నారు. తీసేవారు కూడా సరదాపడి దాన్ని అక్కడక్కడా కావాలని చూపించసాగారు. 2012 జనవరిలో ఒక భాగంలో ఆ పేరుతోనే పిలిపించి మాటలు కూడా పలికించారు. ఆ పేరూ, ఆ గొంతూ మానసిక వైకల్యమున్నవారిని వెక్కిరించినట్టున్నాయని కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పడంతో, ఆ తరువాత పేరు తీసేసి గొంతు మార్చిన రూపాన్ని విడుదల చేశారు. అభిమానులు రెండుగా చీలిపోయి నెలల తరబడి వాదించుకున్నారు. 2015 జూన్‌లో వచ్చిన నూరో భాగాన్ని పూర్తిగా ఇలాంటి వెనుక వరుస పోనీలకే కేటాయించి, తీసినవారు అభిమానులకు ఒక కానుక ఇచ్చారు. ఈ గొడవను మీరు మళ్ళీ తవ్వనవసరం లేదు. ఎక్కడైనా తగిలితే మాత్రం, అభ్యంతరం చెప్పినవారు కార్టూన్‌కు శత్రువులు కారనీ, అది ఎవరి కోసం తీసినదో వారి తరఫున మాట్లాడినవారనీ గుర్తుంచుకోవాలి.

గుర్తులు చదవడం, పిల్లల విషయంలో జాగ్రత్త

దీని మీద కాస్త ఎక్కువసేపు నిలవాలి. పిల్లల కార్టూన్ పాత్రలతో పెద్దలకు మాత్రమే తగిన బొమ్మలు గీసేవారు, కథలు రాసేవారు ఈ సమాజంలో ఉన్నారు. లేరన్నట్టు నటించడం వల్ల నష్టపోయేది పిల్లలే. డెర్పిబూరులో ప్రతి బొమ్మకూ అది అందరికీ తగినదో కాదో తెలిపే గుర్తు ఉంటుంది. మీరేమీ మార్చకపోతే పెద్దల బొమ్మలు కనిపించకుండా వడపోత పనిచేస్తుంది. ఫిమ్‌ఫిక్షన్‌లో కథలు అందరికీ, కౌమారంలో ఉన్నవారికి, పెద్దలకు అని మూడు తరగతులుగా ఉంటాయి. ఈక్వెస్ట్రియా డైలీ పెద్దల సరుకును అసలు వేయదు. మీ ఇంటి కంప్యూటర్‌ను పిల్లలు కూడా వాడుతుంటే వడపోతలను ముట్టుకోకండి. పాపకు ఇష్టమైన పోనీ పేరుతో బొమ్మలు వెతికేటప్పుడు సేఫ్ సెర్చ్ పెట్టి, మీరు పక్కనుండండి. ఆ పేర్లతో వెతికితే కార్టూన్‌లోని బొమ్మలే వస్తాయన్న భరోసా లేదు.

పెద్దవారిగా మీరు పాటించవలసినవి కూడా స్పష్టమే. బహిరంగ గుంపుల్లో పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు ఉంటారనే అనుకొని మాట్లాడాలి. ముక్కూమొహం తెలియని చిన్నవారితో విడిగా సందేశాలు నడపకూడదు. వాళ్ళే మొదలుపెట్టినా, అందరూ చూసేచోటే జవాబివ్వాలి. వయసు, బడి, ఊరు, ఫోటో అడగకూడదు. మరొకరు అలా చేస్తున్నట్టు కనబడితే మొహమాటపడకుండా గుంపు నిర్వాహకులకు చెప్పాలి. ‘ఇంతమంచివాడు, ఇన్నేళ్ళుగా ఉన్నాడు’ అని ఎవరి విషయంలోనైనా ఊరుకోవడం ఏ అభిమాన సమాజానికీ మేలు చేయలేదు.

మీరూ ఏదైనా తయారు చేయదలిస్తే

ఈ సమాజంలో గౌరవం, ఎంత బొమ్మల సరుకు కొన్నారన్నదానికన్నా ఏం తయారు చేశారన్నదానికే ఎక్కువ. గీయడం కొత్తగా నేర్చుకునేవారికి ఈ కార్టూన్ అనుకూలమైనది కూడా. వాంకూవర్‌లోని స్టూడియోలో ఫ్లాష్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌తో తయారైన బొమ్మలు కనుక, గీతలు శుభ్రంగా, రంగులు చదునుగా ఉంటాయి; గీతకు నలుపు కాకుండా, లోపలి రంగులోనే ముదురు ఛాయ వాడతారు. ఈ ఒక్క కిటుకు పట్టుకుంటే మీ బొమ్మకు కార్టూన్ పోలిక సగం వచ్చేస్తుంది. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఒక దృశ్యాన్ని ఆపి, దాని మీద గీతలు దిద్దుతూ చేయి తిరిగాక సొంత పోనీని గీయండి.

కథలు రాసేవారు ఫిమ్‌ఫిక్షన్‌లో కనీసం 1,000 పదాలు రాయాలి, నిర్వాహకులు చూశాకే కథ బయటికి వస్తుంది. అక్కడి కథలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి, ఇంగ్లీషు మీద పూర్తి నమ్మకం లేనివారు ప్రచురణకు ముందే చదివి దిద్దిపెట్టే తోటి అభిమానిని వెతుక్కోవడం మంచిది. అలా చదివిపెట్టడం అక్కడ మామూలు మర్యాదే. మొదటి కథకే పెద్ద యుద్ధాన్ని ఎత్తుకోకండి. అణుయుద్ధానంతర లోకంలో పోనీలను పెట్టి ఆరు లక్షల పదాలకు మించి సాగిన అభిమాన రచన ఒకటి ఉంది గానీ, దాన్ని చూసి మొదలుపెట్టినవారిలో చాలామంది మూడో అధ్యాయం దాటరు. ఇద్దరు పోనీలు, ఒక అపార్థం, ఒక సాయంత్రం చాలు.

హక్కుల సంగతి మరవకూడదు. పాత్రలు హాస్‌బ్రోవి. బొమ్మలనూ కథలనూ పాటలనూ ఆ కంపెనీ చాలావరకు చూసీచూడనట్టు వదిలేసింది కానీ, అది అనుమతి ఇచ్చినట్టు కాదు. మేన్‌సిక్స్ అనే అభిమాన బృందం ఏళ్ళ తరబడి శ్రమపడి ఈ పాత్రలతో ఒక ఫైటింగ్ గేమ్ తయారు చేస్తుండగా, 2013 ఫిబ్రవరిలో ఆపమంటూ హాస్‌బ్రో నుంచి నోటీసు వచ్చింది. లారెన్ ఫాస్ట్ స్వయంగా ముందుకొచ్చి వాళ్ళకు కొత్త పాత్రలు గీసి ఇచ్చింది. అభిమానుల చందాలతో పని కొనసాగి, వేరే పేరుతో, వేరే జంతువులతో ఆ గేమ్ 2020లో పూర్తి రూపంలో వచ్చింది. అంత అదృష్టం అందరికీ పట్టదు కాబట్టి, నెలలకొద్దీ శ్రమ పెట్టే పని అయితే మొదటి నుంచే సొంత పాత్రలతో చేసుకోవడం తెలివైన పని.

సమావేశాలకు వెళ్ళేటప్పుడు

2011 జూన్‌లో న్యూయార్క్‌లో సుమారు వందమందితో మొదలైన బ్రోనీకాన్ అనే అభిమానుల సభ, తరువాత బాల్టిమోర్‌కు మారింది. చివరిదని చెప్పి 2019 ఆగస్టులో జరిపిన సభకు పదివేలకు పైగా వచ్చారు. సియాటెల్ ప్రాంతంలో జరిగే ఎవర్‌ఫ్రీ నార్త్‌వెస్ట్ అనే అలాంటి సభ ఆ చుట్టుపక్కల ఉన్న అనేక తెలుగు కుటుంబాలకు కారులో వెళ్ళిరాదగ్గ దూరం. పిల్లలతో వెళ్ళేవారు కార్యక్రమాల పట్టికను ముందే చూసి, వయసు పరిమితి ఉన్నవాటిని గుర్తుపెట్టుకోవాలి. వేషాలు వేసుకొచ్చినవారిని అడిగి ఫోటో తీయాలి; పిల్లల ఫోటో అయితే వారి పెద్దలను అడగాలి. అభిమానులు చేత్తో కుట్టిన మెత్తటి బొమ్మల ధర వందల డాలర్లలో ఉంటుంది, బేరమాడితే కుట్టినవారు బాధపడతారు. అంత పెట్టలేకపోతే పక్క బల్ల మీద స్టిక్కర్లూ, అచ్చు బొమ్మలూ తక్కువలో దొరుకుతాయి. పాటలు పాడినవారూ గొంతులిచ్చినవారూ సంతకాలు చేసే వరుసలో, మీ ముందు ఆరేళ్ళ పాప నిలబడి ఉంటే ఆమె ఎంతసేపు మాట్లాడినా మాట్లాడనివ్వండి.