నియమావళిపై సంతకం చేసే ముందు

జూన్‌లో విశాఖ హైస్కూళ్లు తెరవగానే ప్రవర్తనా నియమావళి పత్రం ఇంటికి వస్తుంది. సంతకానికి ముందు ఇవి చూసుకోవాలి.

హాజరు నిబంధనను మొదట చదవండి. సీబీఎస్‌ఈ పదో తరగతి పరీక్షకు 75 శాతం హాజరు ఉండాలి కనుక, పెళ్లిళ్లకూ ఊరి పండుగలకూ మాన్పించిన రోజులన్నీ చివరికి పరీక్షకే అడ్డు రావచ్చు. అనారోగ్యమైతే వైద్య ధ్రువపత్రాన్ని ఎప్పటికప్పుడు ఇచ్చి ఉంచడం మేలు.

శిక్షల భాగంలో కొట్టడం, మానసికంగా వేధించడం కనిపిస్తే ప్రశ్నించండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ రెండింటినీ నిషేధించింది.

సెల్‌ఫోన్ ఎక్కడ అప్పగించాలో అడగండి. గాజువాక నుంచి మద్దిలపాలానికి సిటీ బస్సులో ఒంటరిగా వచ్చే పిల్లలకు అది అవసరమే.

నిజాయితీ అంటే ఏమిటో పిల్లలతోనే చెప్పించండి. స్నేహితుడికి జవాబు చూపించడమూ తప్పేనని చాలామంది అనుకోరు, పెద్దలతో సహా.