ఒక్కదానికే కుక్కర్ పెట్టుకోవడం

ఆయన పోయాక ఏడాదిన్నర పాటు రెండు పూటలా నాకు పెరుగన్నం, ఆవకాయే. "ఒక్క ప్రాణానికి వంటేమిటి" అనుకునేదాన్ని. పిల్లలు ఫోన్ చేస్తే "తిన్నానమ్మా" అనేదాన్ని, అబద్ధమేం కాదుగా. జాకెట్లు వదులైతే కుట్లు వేయించుకున్నాను తప్ప ఎందుకని ఆలోచించలేదు. తూకం చూస్తే 58 కిలోలు కాస్తా 54 అయ్యాయి. మెట్లెక్కుతుంటే మోకాలి మీద చెయ్యి వేయాల్సి వచ్చేది.

బళ్లో లెక్కలు చెప్పినదాన్ని, కాగితం తీశాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే నాకు దాదాపు 45 గ్రాములు. పెరుగన్నంతో 20 కూడా దాటడం లేదు!

ఇప్పుడు నా పద్ధతి చెబుతాను. మూడు లీటర్ల కుక్కర్, లోపల రెండు గిన్నెలు. కింద గిన్నెలో బియ్యం. పై గిన్నెలో 50 గ్రాముల పెసరపప్పు, అందులోనే తరిగిన బీరకాయో తోటకూరో, ఒక టమాటా. కందిపప్పు కంటే ఇది త్వరగా ఉడుకుతుంది, నాకు కడుపులో తేలిగ్గానూ ఉంటుంది. మూడు విజిల్స్ చాలు. దించి ఇంగువ పోపు పెట్టి, నిమ్మకాయ పిండుకోవాలి. సగం తిని, మిగతా సగం చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. రాత్రికి బాగా మరిగేలా వేడి చేసుకుంటే రెండో వంట ఉండదు. నిలబడి వండే ఓపిక ఉండదు కదా, అసలు కిటుకు అదే.

పప్పుతో 12 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. పొద్దున రాగిజావ, రాత్రి గ్లాసు పాలు, మధ్యాహ్నం పెరుగు, గుప్పెడు వేరుశెనగలు, రెండు పూటల అన్నం కలిపితే లెక్క సరిపోతుంది. నాకు దవడ పళ్లు లేవు, అందుకని వేరుశెనగలు వేయించి పొడి కొట్టుకుంటాను. గుడ్డు తినేవాళ్లకి ఈ తంటా తక్కువ, ఒక్కదానిలోనే ఆరు గ్రాములు. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా పప్పులు పెంచకండి.

కాఫీ భోజనమైన గంట తర్వాతే. వెంటనే తాగితే తోటకూరలోని ఇనుము సరిగా ఒంటికి పట్టదు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లు, ముఖ్యంగా శాకాహారులు, విటమిన్ బి12 పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. వయసు మీద పడితే దాహం తెలియదు, అందుకే చెంబు కళ్లెదురుగా పెట్టుకుంటాను. ఆవకాయ మానలేదు, మానను కూడా. కాకపోతే ముద్దముద్దకీ కలపడం లేదు, చిన్న చెంచాడు కంచం అంచున వేసుకుంటాను.

నెలకోసారి మందుల షాపులో బరువు చూసుకుంటున్నాను. పోయినసారి 55 ముప్పావు. జాకెట్ల కుట్లు ఇంకా విప్పలేదు.