బడి కబురు ఇంటికి చేరకపోతే ఎక్కడ ఆగిందో వెతికే పద్ధతి

మాది ఒడిశాలోని గజపతి జిల్లా. పర్లాకిమిడిలో బస్సెక్కితే ఆంధ్ర వైపున్న పాతపట్నం ఎంతసేపో పట్టదు. చుట్టాలు అటే, పెళ్లి బట్టలు అటే. బడి మాత్రం ఒడియాలో. ఇంట్లో నేను మాట్లాడేది తెలుగే అయినా పాఠం చెప్పేది ఒడియాలో, పిల్లలు పిలిచేది గురుమా అని. ఇన్నేళ్లలో స్టాఫ్ రూములో ఎక్కువసార్లు విన్న మాట ఒకటుంది: "ఈ పేరెంట్స్‌కి పిల్లల చదువంటే పట్టదు." నేనూ అన్నాను, చాలాసార్లే. ఇంట్లో కరెంటు పోతే ముందు ఫ్యూజు చూసుకుంటాం కదా, వెంటనే లైన్‌మాన్‌ని తిట్టం. ఇప్పుడు బడి విషయంలోనూ అదే చేస్తున్నాను. ముందు కబురు చేరిందా లేదా చూస్తాను, తిట్టడం తర్వాత. చాలాసార్లు తిట్టే పనే పడలేదు.

"గ్రూపులో పెట్టాం, అయినా ఎవరికీ తెలీదంటారు"

ఎండలు ముదిరితే బడి పొద్దుటి పూటకు మారుతుంది. ఆ ఆర్డరు ఒక్కోసారి ముందురోజు సాయంత్రం గానీ రాదు. ఒడియాలో ఉన్న ఆ కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తాం. మర్నాడు సగం మంది పిల్లలు పదింటికి సంచులు తగిలించుకుని వస్తారు, అప్పటికి మిగతావాళ్లు ఇళ్లకు పోతుంటారు. తప్పు ఎక్కడుందో ఈ వరుసలో చూడండి.

ఫోను ఎవరి దగ్గరుంది? చాలా ఇళ్లలో పెద్ద ఫోను తండ్రి జేబులో పనికి పోతుంది. పిల్లాణ్ణి బడికి తయారుచేసే తల్లి దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉండేది బటన్ ఫోను. పెద్ద ఫోను ఇంట్లోనే ఉన్నా, రాత్రి అది పిల్లాడి చేతిలో ఉంటుంది. మనకు కనిపించే ఆ రెండు నీలం టిక్కులు వాడు ఆట మధ్యలో వేలు తగిలించినవి.

చదవగలిగారా? ఈ చిక్కు మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇక్కడి తెలుగు తల్లులు సంతలో ఒడియా గడగడా మాట్లాడతారు. అందుకే చదవడం కూడా వచ్చనుకుంటాం. కానీ వాళ్లు బడికి వెళ్లింది అటు పుట్టింటి ఊళ్లో, నేర్చింది తెలుగు అక్షరాలు. గుండ్రంగా ఉండే ఒడియా అక్షరం చూడటానికి మనదిలాగే ఉంటుంది, చదవబోతే ఒక్కటీ అందదు. చదవడం రాదని గురుమాతో చెప్పుకోవడం సిగ్గు. అందుకే "చూడలేదండీ" అంటారు.

అసలు వెళ్లిందా? గ్రూపు గొడవ ఎందుకని కొందరు మాస్టార్లు బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడతారు. మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది, మిగతావాళ్లకు అసలు పోదు. మా బడిలో ఒక సంవత్సరం సగం కబుర్లు ఇలాగే గాలిలో కలిసిపోయాయి. లిస్టు వాడేట్టయితే అడ్మిషన్ రోజునే తల్లి ఫోను మనమే తీసుకుని నంబరు సేవ్ చేసి ఇవ్వాలి. గ్రూపే వాడితే అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చాలి. లేకపోతే నలభై శుభోదయాల కింద మన ఒక్క నోటీసు దొరకదు.

మందు తేలికే. అర నిమిషం వాయిస్ మెసేజ్, ఒకటి తెలుగులో, ఒకటి ఒడియాలో. మొదటి వాక్యంలోనే "రేపటి నుంచి బడి పొద్దున్నే, ఇన్ని గంటలకు" అని రావాలి. నమస్కారాలు, ఆర్డరు నంబర్లు తర్వాత. తండ్రి ఇంటికొచ్చి అన్నానికి కూర్చునే వేళకు పెట్టాలి, మధ్యాహ్నం పెడితే వృథా. ఫోను లేని ఇళ్లకు వీధికొక అమ్మను చెప్పి ఉంచుకుంటే నీళ్ల దగ్గరే పని అయిపోతుంది. నా అనుభవంలో వాట్సాప్ కన్నా ఆమే నయం.

తెలుగులో నోటీసు పెడితే ఎవరైనా అడుగుతారేమోనని మా స్టాఫ్‌లో కొందరు భయపడ్డారు. అడిగేదేముంది? మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించమని రాజ్యాంగం 350ఎ అధికరణమే చెబుతోంది. 1956లో ఏడో సవరణతో వచ్చింది. పాఠానికే అంత వీలున్నప్పుడు అర నిమిషం కబురుకు అడ్డేమిటి?

"మా డబ్బులు బడివాళ్లే తినేశారు"

స్కాలర్‌షిప్పో యూనిఫాం డబ్బో ఖాతాలో పడదు. తండ్రి రెండుసార్లు బ్యాంకుకు తిరిగి, మూడోసారి బడికొచ్చి కేకలేస్తాడు. ఆయన కోపం వెనక ఎక్కువసార్లు ఉండేది ఒక పేరు.

ఒడియా నోట్లో మన 'అ' కాస్తా 'ఒ' అవుతుంది, 'వ' అయితే 'బ' అవుతుంది. వరలక్ష్మి రిజిస్టరులో బరలక్ష్మి అయిపోతుంది, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి అలాగే ఎక్కుతుంది. పైగా మనకు ఇంటిపేరు ముందు, ఇక్కడివాళ్లకు చివర. క్లర్కు చేతిలో ఇంటిపేరు పేరవుతుంది, పేరు ఇంటిపేరవుతుంది. చివరికి ఆధార్‌లో ఒక పిల్ల, రిజిస్టరులో ఒక పిల్ల, పాసుపుస్తకంలో ఒక పిల్ల. కంప్యూటరుకు ముగ్గురూ వేరు.

అడ్మిషన్ రోజున ఆధార్ ఎదురుగా పెట్టుకుని "ఇంటిపేరు ఏది, పిల్ల పేరు ఏది" అని విడివిడిగా అడగండి. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చదివి వినిపించి, రాసింది చూపించాకే సంతకం పెట్టించుకోండి. తప్పు ముందే పడిపోయి ఉంటే, డబ్బు ఆగేదాకా చూడకుండా మీరే కబురుపెట్టండి: ఏ కాగితం మార్చాలి, ఎక్కడ మార్చాలి. చిన్న క్లాసులో ఉండగానే దిద్దుకోవడం తేలిక. టెన్త్ సర్టిఫికెట్ చేతికొచ్చాక ఎంత తిప్పలో మా తమ్ముణ్ణి అడిగితే చెబుతాడు. ఒక్కటి మాత్రం వద్దు. "మీ ఆధారే తప్పు" అని మొదలుపెట్టకండి, మిగతాది వినరు.

గేటు దగ్గర గొడవ

ఇది నా సొంత తప్పు. రెండో క్లాసు పిల్లాడు ఇంటర్వెల్‌లో జారిపడ్డాడు. నుదుటి మీద బొప్పి. తడిగుడ్డ పెట్టాం, కాసేపటికి నవ్వుతూ ఆడుకున్నాడు, నేను మర్చిపోయాను. మర్నాడు వాళ్ల నాయనమ్మ వీధి వీధినంతా వెంటేసుకొచ్చింది. ఆమెకు తెలిసిన కథలో వాణ్ణి ఎవరో తోశారు, గురుమా చూస్తూ ఊరుకుంది. పిల్లాడి మాట, పక్కింటి మాట కలిసి రాత్రికి రాత్రే అలా తయారైంది. ఎంత చెప్పినా నా మాట రెండోది అయిపోయింది. చివరికి ఆమె అన్నది ఒక్కటే: "దెబ్బ తగిలినందుకు కాదమ్మా, మాకు చెప్పనందుకు."

అప్పటినుంచి దెబ్బ చిన్నదైనా సరే, పిల్లాడు గుమ్మం తొక్కేలోపు ఫోను వెళ్లాలి. ఏం జరిగింది, మేమేం చేశాం, రాత్రి ఏం గమనించాలి. రెండు నిమిషాల పని.

ఇంకో సంగతి. బడి నుంచి ఫోను వస్తే చాలు ఇంట్లో గుండె దడ. ఎందుకంటే మనం ఫోను చేసేది గొడవకే. బడి తెరిచిన మొదటి నెలలో ప్రతి ఇంటికీ ఒక మంచి మాటతో ఫోను చేసి చూడండి. "మీవాడు ఈరోజు తనంతట తానే కూడికలు చేశాడమ్మా." తర్వాత ఎప్పుడైనా చెడ్డ మాట చెప్పాల్సి వస్తే అవతలివాళ్లు వింటారు.

మీటింగుకి ముగ్గురే వచ్చారు

ఎప్పుడు పెట్టారో చూడండి. కోతల రోజుల్లో పదకొండు గంటలకు పెడితే ఒక రోజు కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? సంత రోజైతే అసలే రారు. మా దగ్గర బడిలో గణేశ పూజ, సరస్వతీ పూజ పెద్ద పండగలు. ఆ రోజున తల్లులు కొత్త చీరల్లో వాళ్లంతట వాళ్లే వస్తారు. ప్రసాదం పంచేముందు ఇరవై నిమిషాలు కూర్చోబెడితే ఆ ఏడాదికి అదే అసలు మీటింగు.

వచ్చినవాళ్లు మళ్లీ రాకపోతే తప్పు మన దగ్గరే ఉంది. నలుగురిలో "మీవాడు చదవడు" అంటే ఏ తల్లి మళ్లీ వస్తుంది? ముందు పిల్లల నోటుబుక్కులు చేతికివ్వండి, బడి కట్టడాల సిమెంటు లెక్కలు చివర్లో. తిట్టాల్సినది విడిగా చెప్పుకోవచ్చు.

"కమిటీలో ఉన్నానటమ్మా, సంతకం పెట్టించుకున్నారు"

విద్యా హక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. కాగితం మీద ఉంటారు. మినిట్స్ పుస్తకం ఇంటికి పోయి సంతకంతో తిరిగొస్తుంది. అమ్మ మెంబరైతే మాట్లాడేది వాళ్లాయన. రాసింది తెలుగులో చదివి వినిపించకుండా సంతకం అడగకూడదని మేం నియమం పెట్టుకున్నాం. మొదట్లో అందరికీ విసుగే. మూడో మీటింగులో ఒకామె బియ్యం లెక్క అడిగింది. మధ్యాహ్న భోజనంలో ప్రైమరీ పిల్లాడికి రోజుకు 100 గ్రాముల బియ్యమని ఆరోజే చాలామందికి తెలిసింది. ఆ సంఖ్య గోడ మీద రాశాం. "తిండి సరిగ్గా పెట్టరట" అనే గుసగుస దానితో చాలావరకు తగ్గింది. వంట చేసే సంఘం అక్కలకు ఆ రాత మొదట నచ్చలేదనుకోండి.

పిల్లాడు నెల రోజులుగా కనపడటం లేదు

పేరు కొట్టేసే ముందు పక్కింట్లో అడగండి. చాలాసార్లు ఇల్లంతా పనికి వలస పోయి ఉంటుంది, విశాఖకో ఇంకా దూరమో. చెప్పి వెళ్తే గురుమా తిడుతుందని చెప్పరు. టీసీ లేకపోతే అక్కడ చేర్చుకోరని వాళ్ల నమ్మకం. చట్టంలో ఉన్నది వేరు. అడిగిన వెంటనే హెడ్మాస్టరు టీసీ ఇవ్వాలి. అది చేతికి రావడం ఆలస్యమైందని కొత్త బడివాళ్లు చేర్చుకోకుండా ఉండకూడదు. ఈ మాట తిట్టకుండా, వలసలు మొదలయ్యే ముందే, వాయిస్ మెసేజ్‌లో చెప్పండి. "ఎక్కడికెళ్తున్నారో, ఎప్పుడొస్తారో చెప్పండి, పుస్తకాలు ఇచ్చి పంపుతాం" అని కలపండి. పోయిన ఏడాది ఇద్దరు తల్లులు ముందే వచ్చి చెప్పారు. ఒకామె పిల్ల ఒడియా వాచకం పట్టుకుని వెళ్లింది, తిరిగొచ్చేసరికి అట్ట ఊడిపోయింది.