పక్షవాతం తర్వాత కొలెస్ట్రాల్ మాత్ర ఎలా వాడాలి

"కొలెస్ట్రాల్ రిపోర్టు మామూలుకొచ్చింది కదా, ఇంకా మాత్రెందుకు?" అని ఆపేయడమే పక్షవాతం వచ్చినవారు చేసే పెద్ద పొరపాటు. ఆ అంకె తగ్గింది మాత్ర వల్లే. ఆపితే కొద్ది వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది.

ముందు డిశ్చార్జి కాగితంలో పక్షవాతం ఏ రకమో చూడండి. రక్తనాళం పూడుకుపోయి వచ్చినదైతే సాధారణంగా కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ మాత్ర 40 లేదా 80 మిల్లీగ్రాములు రాస్తారు. 2006లో వెలువడిన స్పార్కిల్ అధ్యయనంలో 80 మిల్లీగ్రాములు వాడినవారిలో సుమారు ఐదేళ్లలో 11.2 శాతం మందికి మళ్లీ పక్షవాతం వచ్చింది. పోలిక కోసం ఇచ్చిన, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 13.1 శాతం మందికి. అయితే మందు వాడినవారిలో మెదడులో రక్తస్రావం కొంచెం ఎక్కువగా కనిపించింది. అందుకే రక్తస్రావంతో వచ్చిన పక్షవాతానికి ఈ మాత్ర ఇవ్వాలా వద్దా అన్నది నరాల డాక్టరు విడిగా తేల్చాలి.

అటోర్వాస్టాటిన్, అదే కోవకు చెందిన రోసువాస్టాటిన్ ఏ వేళైనా వేసుకోవచ్చు, రోజూ ఒకే వేళకైతే మరవరు. అదే కోవలోని సింవాస్టాటిన్ మాత్రం రాత్రి పూట. ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు.

మొదలుపెట్టిన 4 నుంచి 12 వారాల్లో లిపిడ్ పరీక్ష (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించండి. నాళాల్లో కొవ్వు పేరుకున్నవారికి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. దిగకపోతే, మాత్ర రోజూ పడుతోందో లేదో చూశాకే కొలెస్ట్రాల్ తగ్గించే మరో మందు ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములు కలుపుతారు.

ఒళ్లు నొప్పుల గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ మందు వల్ల వచ్చే నొప్పి సాధారణంగా రెండు తొడల్లో, రెండు భుజాల్లో ఉంటుంది. పడిపోయిన వైపు మాత్రమే నొప్పి ఉంటే అది చాలాసార్లు బిగుసుకుపోవడం వల్ల వచ్చేదే, దానికి కావలసింది ఫిజియోథెరపీ. కండరాలు బాగా నీరసించి మూత్రం ముదురు రంగులోకి మారితే మాత్రం మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లి సీకే పరీక్ష (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్తపరీక్ష) చేయించాలి. క్లారిథ్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ తోడైతే ఈ ముప్పు పెరుగుతుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజిపైన్ అటోర్వాస్టాటిన్ బలాన్ని తగ్గిస్తాయి. మయస్థీనియా (కండరాలు త్వరగా అలిసి నీరసించే జబ్బు) ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి, అరుదుగా అది ముదరవచ్చు.

మతిమరుపు, పార్కిన్సన్స్ తగ్గుతాయని ఈ మాత్రలు సొంతంగా కొనకండి. మతిమరుపు జబ్బైన అల్జీమర్స్‌లో అటోర్వాస్టాటిన్, పార్కిన్సన్స్‌లో సింవాస్టాటిన్ పరీక్షించారు, మేలు కనబడలేదు. మెదడు, వెన్నుపాము నరాల పొరలు దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో సింవాస్టాటిన్ మెదడు కుంచించుకుపోవడాన్ని నెమ్మదింపజేసిందని 2014లో ఆశ పుట్టింది. 2024లో ఫలితాలొచ్చిన పెద్ద బ్రిటన్ పరీక్షలో వైకల్యం మాత్రం ఆగలేదు. ఈ జబ్బులున్నవారిలో షుగరు, గుండె జబ్బు కోసం ఇప్పటికే వాడుతున్నవారు ఆపనక్కర్లేదు.