హైస్కూలు ఫంక్షన్ల సీజన్: చందా పుస్తకం నుంచి స్కాలర్‌షిప్ ఫారం దాకా ముందు జాగ్రత్తలు

ఒడిశాలో తెలుగువాళ్లున్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు హైస్కూళ్లలో సందడి వినాయక చవితితో మొదలై సరస్వతీ పూజతో ముగుస్తుంది. మధ్యలో బాలల దినోత్సవం, ఆటల పోటీలు, సైన్సు ఎగ్జిబిషన్, పిక్నిక్, వార్షికోత్సవం, గణతంత్ర దినోత్సవం. స్కాలర్‌షిప్ దరఖాస్తుల గడువులు కూడా ఈ నెలల్లోనే వచ్చి పడతాయి. ఆ వెంటనే పదో తరగతి బోర్డు పరీక్షలు. ఇన్నీ నెత్తిన పెట్టుకునేది మాత్రం ఇద్దరు ముగ్గురు టీచర్లు, ఓ పేరెంట్స్ కమిటీ, నలుగురు పూర్వ విద్యార్థులు.

ముందు క్యాలెండరు చూడండి. అక్టోబరు రెండో వారంలో ఆరుబయట ఏ కార్యక్రమమూ పెట్టకండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014లో అదే తేదీన విశాఖను కొట్టింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస పక్కన తీరం దాటి పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను ముంచేసింది. నవంబరు కూడా పూర్తిగా నమ్మదగిన నెల కాదు కాబట్టి, టెంట్ హౌస్‌కి అడ్వాన్సు ఇచ్చేటప్పుడే తుపాను హెచ్చరిక వస్తే తేదీ మారుస్తామని రసీదు మీద రాయించుకోండి. పదో తరగతి పిల్లల్ని జనవరి దాటాక డాన్సు రిహార్సళ్లకు పిలవడం మానేయండి. వాళ్లకు ఆ నెల రోజులూ విలువైనవి.

చందాలు

ఒడిశా బళ్లలో గణేశ్ పూజకీ సరస్వతీ పూజకీ పిల్లల దగ్గర చందా తీసుకోవడం మామూలే. గొడవ వచ్చేది చందా వల్ల కాదు, లెక్క లేకపోవడం వల్ల. ఖర్చు అంచనా కాగితం మీద వేసి నోటీసు బోర్డుకి అంటించాకే మొదటి రూపాయి తీసుకోండి. రసీదు పుస్తకానికి వరస నంబర్లు అచ్చు వేయించి, కార్బన్ కాపీ ఉండేలా చూడండి. ఏ పుస్తకం ఎవరి చేతికిచ్చారో ఒక చోట రాసి, ఏ రోజు డబ్బు ఆ రోజే ఇద్దరు కలిసి లెక్కపెట్టి సంతకాలు చేయాలి. పిల్లల జేబుల్లో రాత్రిపూట చందా డబ్బు ఉండకూడదు. రోడ్డుకి తాడు కట్టి లారీలు ఆపించడం అసలే వద్దు. అది చందా కిందికి రాదు, ప్రమాదం కిందికి వస్తుంది.

క్యూఆర్ కోడు పెడితే అది స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఖాతాదై ఉండాలి, ఏ మాస్టారి సొంత నంబరో కాకూడదు. సొంత నంబరైతే ఆయన ఎంత నిజాయితీపరుడైనా రేపు ఊళ్లో సమాధానం చెప్పలేడు. గోడకి అంటించిన కోడు మీద ఇంకొకరు తమ స్టిక్కరు అంటించే మోసం ఉంది. అందుకే రోజూ పొద్దున ఒక రూపాయి పంపి, ఏ పేరు వస్తుందో చూసుకోండి. ‘మీ బడికి విరాళం పంపుతున్నా, ఈ కోడు స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పూర్వ విద్యార్థుల విషయంలో ఒక చిక్కు చాలామందికి తెలియదు. అమెరికాలో ఉన్నా భారత పౌరసత్వం ఉన్నవాళ్లు తమ సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే మాత్రం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని కమిటీ దాన్ని తీసుకోకూడదు. పంపేవారి పాస్‌పోర్టు ఏ దేశానిదో మొహమాటపడకుండా అడగండి. ‘పన్ను మినహాయింపు వస్తుంది’ అని కూడా తొందరపడి చెప్పొద్దు. ఆ సంస్థకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 80జీ గుర్తింపు ఉంటేనే వస్తుంది, అదీ నగదైతే 2,000 రూపాయలు దాటితే రాదు. ఇక టికెట్లు అమ్మి లక్కీ డ్రా తీయడం: సరదాకే అనుకుంటారు గానీ ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నేరం. దాని బదులు పిల్లలు చేసిన అప్పడాలు, ఊరగాయ, కాగితపు పూలు ఓ స్టాలు పెట్టి అమ్మండి.

పందిరి, కరెంటు

మిగతా వాటిలో తప్పు జరిగితే దిద్దుకోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. 1995 డిసెంబరు 23న హర్యానాలోని దబ్వాలీలో ఒక స్కూలు వార్షికోత్సవంలో పందిరికి నిప్పంటుకుని 400 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. సింథటిక్ గుడ్డ, కరెంటు నుంచి లేచిన నిప్పు, బయటపడడానికి చాలినంత దారి లేకపోవడం: ఈ మూడూ మన దగ్గర ఏ ఫంక్షన్‌లో చూసినా కనిపిస్తాయి.

లోడు లెక్క వేయండి. వెయ్యి వాట్ల హాలోజన్ ఒకటి 230 వోల్టుల మీద నాలుగు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. అలాంటివి ఆరు, సౌండ్ సిస్టమ్, ఫ్యాన్లు కలిస్తే ముప్పై ఆంపియర్లు. దీన్ని తరగతి గదిలోని ప్లగ్గు నుంచి లాగితే గోడలోని వైరు వేడెక్కి కరుగుతుంది. బోర్డులో ఫ్యూజుకి బదులు ఎవరో రాగి తీగ చుట్టి ఉంటే మంట వచ్చేదాకా ఏదీ ట్రిప్ కాదు. కాబట్టి ఫంక్షన్‌కి జనరేటరు అద్దెకు తీసుకోండి, లేదా కరెంటు ఆఫీసులో రాసిచ్చి తాత్కాలిక కనెక్షన్ పెట్టించుకోండి. హాలోజన్లకు బదులు ఎల్ఈడీ ఫ్లడ్ లైట్లు అడిగితే సగం తలనొప్పి అక్కడే పోతుంది. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకై షాక్ కొడితే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టమని ఎలక్ట్రీషియన్‌కి పేరు పెట్టి చెప్పండి, లేకపోతే ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు) ఒక్కటే పెట్టి వెళ్లిపోతాడు. ఎంసీబీ వైరుని కాపాడుతుందే తప్ప మనిషిని కాదు.

డిసెంబరు, జనవరి సాయంత్రాలు గుణుపురం, రాయగడ వైపు మంచు కురుస్తుంది. ఏడింటికల్లా కింద పరిచిన జంపఖానా చెమ్మగిల్లుతుంది. సీరియల్ లైట్ల వైరు పందిరి ఇనప పైపుకి బిగించి కట్టిన చోట తొడుగు ఒరుసుకుపోతే పైపు మొత్తానికి కరెంటు వస్తుంది, పిల్లలు దానికే ఆనుకుని నిలబడతారు. లైట్లు వేశాక, జనాన్ని లోపలికి వదిలే ముందు, టెస్టరుతో ప్రతి పైపునీ ముట్టి చూడాలి. మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లు నేల మీద ఉండకూడదు. జనరేటరు పందిరికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, పొగ గొట్టం అవతలి వైపుకి తిప్పి పెట్టాలి. నడుస్తుండగా డీజిల్ పోయకూడదు.

బయటికి దారులు రెండు, ఎదురెదురుగా. ముఖ్య అతిథి వచ్చాక గేటు మూసేసే అలవాటు మానుకోవాలి. కుర్చీల మధ్య ఐదడుగుల నడవ వదిలి, అందులో ఎవరూ అదనపు కుర్చీలు వేయకుండా ఒక పెద్ద పిల్లవాణ్ణి కాపలా ఉంచండి. ఒక డ్రమ్ము నీళ్లు, నాలుగు ఇసుక బకెట్లు, ముల్లు పచ్చగీతలో ఉన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి స్టేజీ పక్కనే ఉండాలి. కరెంటు మంట మీద నీళ్లు పోయకూడదు, ముందు మెయిన్ ఆపాలి. మెయిన్ ఎక్కడుందో కనీసం ముగ్గురికి తెలియాలి. రాత్రి పదికల్లా మైకు ఆపేయాలన్నది చట్టం, దానికి మినహాయింపు అడిగి ఎవరినీ ఇబ్బంది పెట్టకండి.

ఆటల పోటీలు

2022 డిసెంబరులో బలంగీర్ జిల్లాలో ఒక హైస్కూలు ఆటల పోటీల్లో విసిరిన ఈటె తొమ్మిదో తరగతి విద్యార్థి మెడలో గుచ్చుకుంది. శస్త్రచికిత్సతో బతికాడు. ఈటె, డిస్కస్ పోటీలు జరిగేటప్పుడు మైదానంలో ఇంకే పోటీ పెట్టకండి. పడే చోటుకి రెండు వైపులా తాడు కట్టి, కొలిచేవాళ్లు బయటికి వచ్చాక విజిల్ వేస్తేనే విసరాలి. ఈటెని పరిగెత్తుకుంటూ వెనక్కి తేకూడదు, విసిరి తేకూడదు, నడిచి తేవాలి. ఎవరికైనా ఏదైనా గుచ్చుకుంటే అక్కడ లాగేయకుండా, కదలకుండా పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సరిహద్దు ఊళ్లలో ఫోను అవతలి రాష్ట్రం టవరు పట్టుకుని ఉంటే 108 కాల్ అటే వెళ్లే అవకాశం ఉంది. అందుకని ఊరి పేరుతో పాటు బ్లాకు, జిల్లా, రాష్ట్రం కూడా చెప్పండి. దగ్గరి ఆసుపత్రి నంబరు గోడ మీద రాసి ఉంచండి.

పిక్నిక్

గండాహతి జలపాతం, తప్తపాణి, గోపాలపురం బీచి, చిలికా. పిల్లలు అడిగేవి ఇవే. గండాహతిలో నాచు పట్టిన బండలు, గోపాలపురంలో కాళ్ల కింద ఇసుకను లాగేసే అల. రెండు చోట్లా నీళ్లలోకి దిగడం లేదని బస్సు ఎక్కకముందే చెప్పాలి, అక్కడికెళ్లాక ‘మోకాలి దాకా మాత్రమే’ అంటే ఎవరూ ఆగరు. చిలికాలో లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కొద్దు. 2014 జూన్‌లో హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయింది ఎగువ డ్యామ్ నీళ్లు వదలడం వల్ల. వంశధార, నాగావళి ఇసుక తిన్నెల మీద వంట పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఒడిశా బస్సు ఆంధ్రాలోకి వెళ్తే, అటునుంచి ఇటు వచ్చినా, ఆ ట్రిప్పుకి చెల్లే పర్మిట్ ఉండాలి. బస్సు యజమాని ‘చూసుకుంటాం లెండి’ అంటే సరిపోదు. పర్మిట్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ తేదీలు ఫోటో తీసుకోండి. పికప్ వ్యాన్లో, ట్రాక్టరు ట్రాలీలో పిల్లల్ని ఎక్కించడం చట్టవిరుద్ధం. ఏదైనా జరిగితే బీమా కంపెనీతో కోర్టు చుట్టూ తిరగాలి. పదిహేను మంది పిల్లలకి ఒక పెద్ద ఉండాలి, ఆడపిల్లలుంటే టీచరమ్మ తప్పనిసరి.

అంగీకార పత్రం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఇచ్చి సంతకం చేయించుకురమ్మంటే, మన ఇళ్లలో చాలామంది తల్లులకు ఒడియా మాట వస్తుంది గానీ చదవడం రాదు. పిల్లాడు ఏం చెబితే దానికి వేలిముద్ర వేస్తారు. కాగితం వెనక తెలుగులో నాలుగు వాక్యాలు రాయండి, తెలుగూ చదవలేని వాళ్లకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపండి.

భోజనం సంగతి క్లుప్తంగా: రెండొందల మంది పిల్లలకి ఇరవై నుంచి పాతిక కిలోల బియ్యం సరిపోతాయి. తెల్లవారుజామున వండి మూత పెట్టిన అన్నం సాయంత్రం పెట్టకూడదు. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న అన్నంలో విషం తయారవుతుంది, మళ్లీ వేడి చేసినా పోదు. కొబ్బరి పచ్చడి ప్రయాణానికి పనికిరాదు.

స్కాలర్‌షిప్ ఫారాలు

పిల్లలకి నిజంగా డబ్బు తెచ్చేది ఇదే, అందరూ ఆఖరి రోజుకి వదిలేసేదీ ఇదే. ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కి ఎనిమిదో తరగతి పిల్లలు పరీక్ష రాయాలి. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బళ్లలో చదువుతూ, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఉండి, ఏడులో 55 శాతం తెచ్చుకున్నవాళ్లు అర్హులు. ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. తొంభై ప్రశ్నల పేపర్లు రెండు, ఒక్కోదానికి తొంభై నిమిషాలు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు.

మన వైపు పిల్లలకి పరీక్ష కంటే పేరు దగ్గర దెబ్బ తగులుతుంది. లక్ష్మి పేరులో ఆధార్‌లో ‘కేఎస్‌హెచ్’ అని ఉంటే బడి రిజిస్టరులో ‘ఎక్స్’ ఉంటుంది. వెంకట్ పేరు ‘వి’తో మొదలైతే ఒడియా ఉచ్చారణలో ‘బి’ అయిపోతుంది. మనం ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరంగా రాస్తాం, ఫారం చివర పూర్తిగా అడుగుతుంది. కంప్యూటరు వీటిని వేర్వేరు మనుషులుగా చూస్తుంది. బడి తెరిచిన నెలలోనే ఆధార్, అడ్మిషన్ రిజిస్టరు, బ్యాంకు పాసుబుక్కు మూడూ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూడండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా పడబోతుందో దాన్నే ప్రమాణంగా పెట్టుకుని మిగతావి మార్పించండి. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టినతేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు కాబట్టి తొందరపడి మార్పించొద్దు. పదిహేను దాటినవాళ్లు వేలిముద్రలు, కంటిపాప మళ్లీ ఇవ్వకపోతే ఆధార్ సరిచూసేటప్పుడు అథెంటికేషన్ ఫెయిల్ కావచ్చు.

బ్యాంకులో ‘ఆధార్ లింకైంది’ అన్నంత మాత్రాన డీబీటీకి సీడ్ అయినట్టు కాదు, అంటే ప్రభుత్వ డబ్బు ఆధార్ ద్వారా నేరుగా ఆ ఖాతాలో పడేలా నమోదైనట్టు కాదు, రెండూ వేరు. ఏ బ్యాంకుకి సీడ్ అయి ఉందో ఆధార్ వెబ్‌సైట్లో చూడొచ్చు. పిల్లకి సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నంలో ఒక ఖాతా, పర్లాకిమిడిలో ఒక ఖాతా ఉంటే డబ్బు ఆఖరున సీడ్ చేసినదాంట్లో పడుతుంది, ఇంట్లోవాళ్లు ఇంకో పాసుబుక్కు ప్రింటు చేయించుకుంటూ ఉంటారు. ఆదాయ, నివాస ధ్రువపత్రాలకి జనసేవా కేంద్రలో కనీసం నెల ముందు దరఖాస్తు పెట్టండి. ఆంధ్రాలో ఉన్న కుల ధ్రువపత్రం ఒడిశా జాబితాకి సరిపోతుందనుకోవద్దు, రెండు రాష్ట్రాల జాబితాలు వేరు.

నవోదయ తొమ్మిదో తరగతి ప్రవేశానికి పిల్లవాడు ఆ జిల్లాలో నివాసం ఉండడమే కాదు, ఎనిమిది కూడా ఆ జిల్లా బడిలోనే చదువుతూ ఉండాలి. ఇల్లు గజపతి జిల్లాలో, బడి పాతపట్నంలో అయితే ఫారం నిలబడదు.

ఎన్‌ఎంఎంఎస్ వచ్చిన పిల్లలు పదో తరగతి కాగానే శ్రీకాకుళం, విశాఖ ప్రైవేటు కాలేజీల్లో చేరుతుంటారు. చేరిన రోజునే స్కాలర్‌షిప్ పోతుంది, ఎందుకంటే అది ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థల్లో కొనసాగేవాళ్లకే. రెండేళ్లకి 24,000. ఫీజు లెక్క వేసుకునేటప్పుడు ఇదీ కలపండి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏటా రెన్యువల్ చేయాలి, విద్యార్థి సబ్మిట్ చేసినా బడి నోడల్ టీచరు గడువులోగా వెరిఫై చేయకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. అందుకని సబ్మిట్ చేసిన వారానికి స్టేటస్ తెరిచి చూడండి. అప్లికేషన్ నంబరు, పాస్‌వర్డు, రిజిస్టరైన ఫోను నంబరు ఒక నోటుబుక్కులో రాసి ఇంట్లో ఒకటి, బళ్లో ఒకటి ఉంచండి. నెట్ సెంటరు వాడి ఫోను నంబరు ఇస్తే, వచ్చే ఏడు ఓటీపీ ఆయనకే వెళ్తుంది.